జాలరిపేటని అడగకుండా సముద్రంలో ఏమీ కలపొద్దు

ఈమధ్య ఒక ఆన్‌లైన్ చర్చ విన్నాను. గాలిలో పేరుకుపోయిన కార్బన్ డయాక్సైడ్‌ని సముద్రం ఇప్పటికన్నా ఎక్కువగా పీల్చుకునేలా చేయడం గురించి. ఒక సముద్ర శాస్త్రవేత్త, ఒక స్టార్టప్ నడిపే ఆయన, కార్బన్ క్రెడిట్లు (తొలగించిన కార్బన్‌కి టన్నుల లెక్కన ఇచ్చే, అమ్ముకోదగ్గ పత్రాలు) కొనే కంపెనీ ప్రతినిధి, ప్రభుత్వ అనుమతులు చూసే అధికారి మాట్లాడారు. అన్ని రంగాలూ చేతులు కలిపితే తప్ప ఈ పని ముందుకు సాగదని నలుగురూ అన్నారు. నిజమే. కానీ అంతసేపట్లో మత్స్యకారుల మాట వచ్చింది ఒక్క వాక్యంలోనే: "స్థానికులకు అవగాహన కల్పించాలి." అప్పటినుంచి ఆ వాక్యం నన్ను వదలడం లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సముద్రంతో చేసే కార్బన్ పనిలో డబ్బు, ఓడలు, ల్యాబులు పంచుకున్నంత మాత్రాన అది భాగస్వామ్యం అయిపోదు. కొలిచే పనిని, ఆపే హక్కుని కూడా పంచుకోవాలి. ఆ రెండూ మొదటి రోజు నుంచీ వేటకి వెళ్ళేవాళ్ళ చేతుల్లో కొంతైనా ఉండాలి. ఉద్గారాలు తగ్గించడం ఎలాగూ తప్పదు. దానితోపాటు ఇప్పటికే గాలిలో ఉన్నదాన్ని కొంత వెనక్కి తీయక తప్పదని వాతావరణ శాస్త్రం చాలాకాలంగా చెబుతోంది. అందుకే ఈ పరిశోధన ఆగిపోకూడదనే కోరుకుంటున్నాను. ఆగిపోకూడదు కాబట్టే ఇంత పట్టుగా రాస్తున్నాను.

రొయ్యల రైతుకి తెలిసిన రసాయనం

సముద్రంలో ఉన్న కార్బన్ గాలిలో ఉన్నదానికి దాదాపు 50 రెట్లు. మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు పావు వంతుని ఇప్పటికే సముద్రం మింగుతోంది. ఆ మింగిన ఫలితంగా, పారిశ్రామిక యుగానికి ముందు 8.2 దగ్గర ఉన్న ఉపరితల జలాల పీహెచ్ 8.1కి దిగింది. అంకె చూస్తే చిన్నదే, కానీ పీహెచ్ కొలబద్ద తీరు వల్ల ఆమ్లత్వం పావు వంతుకి పైగా పెరిగినట్టు లెక్క.

దీన్ని సరిచేస్తూనే ఇంకొంత కార్బన్ పట్టించే దారుల్లో ఒకటి క్షారత (ఆల్కలినిటీ), అంటే ఆమ్లాన్ని విరిచే గుణం, పెంచడం. నీళ్ళలో క్షారం కలిపితే, కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ బైకార్బనేటుగా మారుతుంది. అలా ఖాళీ అయిన చోటుని నింపుకోవడానికి నీళ్ళు గాలి నుంచి మరికొంత కార్బన్ డయాక్సైడ్ లాక్కుంటాయి. బైకార్బనేటు వేల ఏళ్ళు సముద్రంలోనే ఉండిపోతుంది. కొండరాళ్ళు వానకి అరిగి, నదుల్లో కొట్టుకొచ్చి సముద్రంలో కలిసి ఎప్పటినుంచో చేస్తున్న పనినే మనం తొందరపెట్టి చేయించడం అన్నమాట.

పశ్చిమ గోదావరిలో రొయ్యల చెరువులు చేసే మా పెదనాన్నగారి అబ్బాయికి ఇదంతా చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కిట్టుతో పీహెచ్, ఆల్కలినిటీ చూసుకోవడం, తగ్గితే డోలమైటో సున్నమో చల్లడం ఆయనకి రోజువారీ పనే. అంతా విని ఆయన అన్న మాట ఇది: "చెరువుకి గట్టుందమ్మా. మోతాదు ఎక్కువైతే తెల్లారేసరికి తెలిసిపోద్ది. పోయినా నా రొయ్యే పోద్ది. సముద్రంలో ఎక్కువైతే ఎవరిది పోద్ది?"

ఈ ప్రశ్నకి జవాబు తయారుగా ఉన్న ప్రాజెక్టు ఒక్కటీ నాకు కనబడలేదు.

ఓడ బయల్దేరాక మొదలైన గొడవ

ఇవి ఎక్కడో జరిగే ప్రయోగాలనుకుంటాం గానీ, ఈ రంగంలో భారతదేశం చాలా ముందే అడుగుపెట్టింది. 2009 జనవరి 7న జర్మనీ పరిశోధన నౌక 'పోలార్‌స్టెర్న్' కేప్‌టౌన్ నుంచి దక్షిణ మహాసముద్రానికి బయల్దేరింది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీలోని ఆల్ఫ్రెడ్ వెగెనర్ ఇన్‌స్టిట్యూట్ కలిసి తలపెట్టిన 'లోహాఫెక్స్' ప్రయోగం అది. ఇనుము తక్కువగా ఉన్న జలాల్లో ఐరన్ సల్ఫేట్ కలిపితే సూక్ష్మ నాచు విపరీతంగా పెరుగుతుందనీ, అది చచ్చి లోతుకి దిగేటప్పుడు కార్బన్‌ని కూడా మోసుకుపోతుందనీ ఆలోచన.

ఓడ రేవు దాటాక గొడవ మొదలైంది. అంతకుముందు ఏడాది, 2008 మేలో, జర్మనీలోని బాన్ నగరంలోనే జీవవైవిధ్య ఒప్పంద దేశాలు సమావేశమై, ఇలాంటి ఇనుము ప్రయోగాలని ఆపాలని నిర్ణయించాయి. తీరానికి దగ్గరగా జరిగే చిన్న శాస్త్రీయ అధ్యయనాలకి మాత్రం మినహాయింపు ఇచ్చాయి. ఆతిథ్యం ఇచ్చిన దేశం ఓడే ఇనుము మోసుకుపోతుంటే పర్యావరణ సంస్థలు ఊరుకుంటాయా? జర్మనీ పర్యావరణ శాఖ అభ్యంతరం చెప్పింది. పరిశోధన శాఖ ప్రయోగాన్ని నిలిపి, స్వతంత్ర సమీక్షలు చేయించి, జనవరి 26న పచ్చజెండా ఊపింది. ఒకే ప్రభుత్వంలోని రెండు శాఖలు ముందే కూర్చుని మాట్లాడుకుని ఉంటే ఇదంతా ఉండేది కాదు.

ఫలితం చూడండి. సుమారు 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుము కలిపారు. నాచు పెరిగింది కూడా. కానీ ఆ నీళ్ళలో సిలికా కరువు. బరువైన గుల్లలు కట్టుకుని కిందికి దిగే డయాటమ్‌లు పెరగలేదు. పెరిగిన మెత్తటి నాచుని కోపెపాడ్‌లనే చిన్న జీవులు మేసేశాయి. లోతుకి దిగిన కార్బన్ అతి స్వల్పం. ఆ మార్చిలోనే రెండు సంస్థలూ ఈ సంగతి దాచకుండా ప్రకటించాయి.

లోహాఫెక్స్‌ని విఫలమని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. ప్రజల డబ్బుతో, అమ్ముకోవాల్సిన క్రెడిట్లేవీ లేకుండా జరిగింది కాబట్టే "మేం అనుకున్నట్టు జరగలేదు" అనే మాట అంత త్వరగా, అంత స్పష్టంగా బయటికొచ్చింది. టన్నుకింత అని ముందే అమ్మేసిన కంపెనీ చేతిలో అదే ఫలితం పడి ఉంటే మనదాకా వచ్చేదా అన్న అనుమానం నాకు బలంగా ఉంది.

ఒకే కంపెనీ, ఒకే పదార్థం, రెండు ఊళ్ళు

ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ తీరాన సెయింట్ ఐవ్స్ అఖాతం ఉంది. కెనడాకి చెందిన ప్లానెటరీ టెక్నాలజీస్ అక్కడ మురుగునీటి శుద్ధి కేంద్రం పైపు ద్వారా మెగ్నీషియం హైడ్రాక్సైడ్ వదలాలనుకుంది. కడుపులో మంట తగ్గడానికి తాగే తెల్లటి మందులో ఉండేది ఇదే. 2022లో చిన్న ట్రయల్ జరిగింది. పెద్ద ట్రయల్ సంగతి ఊళ్ళో తెలిశాక, 2023 వసంతంలో వందల మంది బీచ్‌కి వచ్చి నిరసన చెప్పారు. తర్వాత చేయించిన స్వతంత్ర సమీక్ష సముద్ర జీవులకి ప్రమాదం చాలా తక్కువనే తేల్చింది. అయినా ఊరి నమ్మకం తిరిగి రాలేదు. 2025లో కంపెనీ ఆ ప్రాజెక్టుని వదులుకుంది.

అదే కంపెనీ, అదే పదార్థంతో, కెనడాలోని హాలిఫాక్స్ రేవులో ఒక విద్యుత్ కేంద్రం చల్లబరిచే నీళ్ళు బయటికొచ్చే చోట పని కొనసాగించింది. అక్కడ డల్హౌసీ విశ్వవిద్యాలయం వాళ్ళు మొదటినుంచీ నీళ్ళు పరీక్షిస్తున్నారు. ఆ రేవుకి ఆనుకుని ఉన్న బెడ్‌ఫర్డ్ బేసిన్‌లో 1990ల నుంచి వారం వారం తీసిన నమూనాల రికార్డు ఉంది. ఏది ఎప్పటిలాంటి మార్పో, ఏది కొత్త మార్పో చెప్పడానికి ఆధారం ఉంది. 2025లో అక్కడ 600 టన్నులకి పైగా తొలగింపుకి ధ్రువీకరించిన క్రెడిట్లు జారీ అయ్యాయి.

కార్న్‌వాల్ జనానికి సైన్స్ అర్థం కాలేదని కొందరు రాశారు. నాకలా అనిపించదు. ఇంగ్లండ్‌లో నీటి కంపెనీలు మురుగుని సముద్రంలోకి వదులుతున్నాయని జనం ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. ఏ పైపు మీద అప్పటికే కోపం ఉందో ఆ పైపులోంచే "మంచి రసాయనం" వస్తుందంటే ఎవరు నమ్ముతారు? అనకాపల్లి జిల్లా తీరం వెంట మందుల ఫ్యాక్టరీల పైపుల గురించి మత్స్యకారులు ఎన్నేళ్ళుగా పోరాడుతున్నారో చూసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. క్షారం కలపాలనుకునే కంపెనీలు వెతికేది ఇప్పటికే సముద్రంలోకి నీళ్ళు పోసే పైపులనే: థర్మల్ కేంద్రాలు, ఉప్పునీటిని మంచినీటిగా మార్చే ప్లాంట్లు, మురుగు శుద్ధి కేంద్రాలు. సముద్రపు నీటితో చల్లబడే సింహాద్రి థర్మల్ కేంద్రం మా విశాఖ పక్కనే ఉంది. ఇలాంటి ప్రతిపాదన మన తీరానికి వచ్చే రోజు ఎంతో దూరంలో లేదనుకుంటున్నాను.

"ఆ వారం చేప ఎవులు కొంతారు?"

2025 ఆగస్టులో అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థ మెయిన్ సింధుశాఖలో దాదాపు 65,000 లీటర్ల సోడియం హైడ్రాక్సైడ్‌ని, అంటే కాస్టిక్ సోడా ద్రావణాన్ని, సముద్రంలో వదిలింది. ఎటు పోతోందో కనిపెట్టడానికి ఎర్ర రంగు కలిపారు. ప్రభుత్వ పర్యావరణ సంస్థ నుంచి అనుమతి తీసుకున్నారు, ప్రజల అభ్యంతరాలు పిలిచారు, పద్ధతిగానే చేశారు. అయినా అక్కడి మత్స్యకార సంఘాల్లో వ్యతిరేకత ఉంది.

మా వీధికి చేపలు తెచ్చే ఆవిడకి ఫోన్లో ఆ ఎర్రనీళ్ళ ఫొటో చూపించాను. జాలరిపేట మనిషి, భర్తా కొడుకూ బోటు మీద వెళ్తారు. చేపలు చస్తాయా అని అడుగుతుందనుకున్నాను. అది అడగనేలేదు. "ఈ బొమ్మ పేపర్లో పడ్డాక ఆ వారం చేప ఎవులు కొంతారమ్మా? మీరు కొంతారా?" అంది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కానాగంతలు తూచి ఇచ్చి, "మందు కలిపిన సముద్రం అని ఒక్క మాట పుడితే సాలు" అని గంప ఎత్తుకుంది.

శాస్త్రవేత్తల ప్రమాద పట్టికల్లో పీహెచ్ ఉంటుంది, లోహాలుంటాయి, లార్వాలుంటాయి. పుకారుకి గడి ఉండదు. దాని ధర ఎంతో జపాన్ చూసింది. ఫుకుషిమా అణు కేంద్రంలో శుద్ధి చేసిన నీళ్ళని 2023 ఆగస్టు 24న సముద్రంలోకి వదలడం మొదలుపెట్టారు. మనుషుల మీదా పర్యావరణం మీదా ప్రభావం లెక్కలోకి రానంత తక్కువని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అంతకుముందే చెప్పింది. అదే రోజు చైనా జపాన్ సముద్ర ఉత్పత్తుల దిగుమతి మొత్తం ఆపేసింది. ఎక్కడో ఉత్తరాన హొక్కైడో దీవిలో ఆల్చిప్పలు పెంచేవాళ్ళు కూడా దెబ్బతిన్నారు. పుకార్ల నష్టం కోసం జపాన్ ప్రభుత్వం ముందే 3,000 కోట్ల యెన్‌ల నిధి పెట్టింది. అయినా ఆ దేశ మత్స్యకారుల సమాఖ్య చివరిదాకా ఒప్పుకోలేదు. ఎందుకంటే సంబంధితుల అవగాహన లేకుండా నీళ్ళు వదలబోమని 2015లో ప్రభుత్వమూ విద్యుత్ కంపెనీ ఫుకుషిమా మత్స్యకారులకి మాట ఇచ్చాయి. ఆ మాట తప్పడమే వాళ్ళని ఎక్కువ బాధపెట్టింది.

కార్బన్ ప్రయోగానికీ అణు కేంద్రపు నీళ్ళకీ పోలికేమిటని అడగొచ్చు. రసాయనంగా ఏ పోలికా లేదు. మార్కెట్లో ఉంది. టన్ను కార్బన్‌కి వచ్చే డబ్బు ఒకరికి వెళ్తుంది, చేప ధర పడిపోతే నష్టం ఇంకొకరికి. పుకారు నిధి లేకుండా తీరంలో ఏ ప్రయోగమూ మొదలుపెట్టకూడదు. ఆ డబ్బు క్రెడిట్ కొనేవాళ్ళే పెట్టాలి.

నా వాదనకి ఎదురు నిలిచేవి

మొదటిది కెనడా నుంచే. 2012లో హైదా గ్వాయ్ దీవుల్లో ఒక ఆదివాసీ గ్రామం సొంత డబ్బు పెట్టి పసిఫిక్‌లో 100 టన్నులకి పైగా ఇనుము సమ్మేళనాలు పోయించింది. సాల్మన్ చేపలు పెరుగుతాయనీ, కార్బన్ క్రెడిట్లు కూడా వస్తాయనీ ఒక వ్యాపారి నమ్మించాడు. ఊరు ఓటేసి ఒప్పుకుంది. సమ్మతి పూర్తిగా ఉన్న ప్రయోగం అది. కానీ స్వతంత్ర శాస్త్రవేత్తల పర్యవేక్షణ సరిగా లేదు, ప్రపంచమంతా దుమ్మెత్తిపోసింది, అధికారులు సోదాలు చేశారు. తర్వాత వచ్చిన చేపలకీ ఆ ఇనుముకీ సంబంధం ఉందని ఇప్పటికీ ఎవరూ రుజువు చేయలేదు. కాబట్టి మత్స్యకారులు సరేనంటే చాలని నేను అనను. వాళ్ళ సమ్మతి, బయటి శాస్త్రం, రెండూ కావాలి.

రెండోది, మత్స్యకారుల తరఫున మాట్లాడేది ఎవరు? ఇది నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టే ప్రశ్న. మన వేట ఊళ్ళలో కుల పెద్దలు ఉంటారు, హార్బర్‌లో మర పడవల యజమానుల సంఘాలు ఉంటాయి. బోటు మీద వాటా కూలికి వెళ్ళేవాడి మాట, గంప నెత్తిన పెట్టుకుని అమ్మే ఆవిడ మాట వాళ్ళ నోటి నుంచి ఎంత వస్తుందో అందరికీ తెలుసు. నలుగురు పెద్దల సంతకాలు తీసుకుని "ఊరు ఒప్పుకుంది" అని ఫైలు మూసేయడం చాలా సులువు. ఆపే హక్కు ఉన్న కమిటీలో అమ్మకందారు మహిళలకీ కలాసీలకీ విడిగా స్థానాలు ఉండాలంటాను. అది కూడా పూర్తి పరిష్కారం కాదు, కానీ అంతకన్నా తక్కువకి ఒప్పుకోకూడదు.

మూడోది, అన్నిటికన్నా బలమైనది. ఏటా 4,000 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి వదులుతున్నాం, అందులో పెద్ద వాటా సముద్రంలోకి పోతోంది. దానికి ఏ జాలరిని అడిగాం? చెడగొట్టేటప్పుడు అడగనివాళ్ళం, బాగుచేసేటప్పుడు మాత్రం అడిగి ఆలస్యం చేయాలా? దీన్ని పక్కకి నెట్టలేను. కానీ ఇప్పటి వేగం ఎంతో చూడండి. హాలిఫాక్స్‌లో వచ్చినవి కొన్ని వందల టన్నులు. ఏటా 100 కోట్ల టన్నులు తీయాలంటే, ఒక టన్ను మెగ్నీషియం హైడ్రాక్సైడ్ మహా అయితే 1.3 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ని పట్టిస్తుందనుకున్నా, 75 కోట్ల టన్నులకి పైగా ఖనిజం తవ్వి, పొడి చేసి, తీరానికి చేర్చాలి. ప్రపంచంలో ఏటా తయారయ్యే సిమెంటు మొత్తం 400 కోట్ల టన్నులు. అంత పెద్ద పనికి గనులు, రైళ్ళు, రేవులు, కరెంటు, వేలాది తీర గ్రామాలు కావాలి. గని పక్క పల్లెల్లో దుమ్ము సంగతి వేరే చర్చ. ఆ స్థాయికి వెళ్ళాల్సిన పనిని మొదటి పది ఊళ్ళలోనే చెడగొట్టుకుంటే ఎంత ఆలస్యమవుతుందో కార్న్‌వాల్ చెప్పింది.

ఇక ఆపే హక్కు అంటే ఎవరో ఒకరు ఎప్పుడైనా వద్దంటే మూసేయడం కాదు. ఏయే కొలతలు దాటితే ఆపాలో మొదలుపెట్టక ముందే రాసుకోవాలి. చేప పడటంలో తేడా వచ్చిందని కమిటీ చెబితే పోయడం ఆపి, బయటి ల్యాబ్ నివేదిక వచ్చాకే మళ్ళీ మొదలుపెట్టాలి. ఆ ఆగిన రోజుల ఖర్చు కంపెనీదే.

కొలిచే చేతులు

క్షారం కలిపిన నీళ్ళు గాలి నుంచి కార్బన్ తీసుకోవడానికి వారాల నుంచి నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆలోపు ఆ నీళ్ళు వందల కిలోమీటర్లు పోయి పలచబడతాయి. సహజంగా వచ్చే హెచ్చుతగ్గుల్లో ఆ మార్పు కనబడదు. అందుకే తొలగించిన టన్నుల్లో ఎక్కువ భాగం కంప్యూటర్ నమూనాలే లెక్కకడతాయి. నమూనా ఎంత మంచిదైనా, దానికి తిండి సముద్రం మీద తీసిన కొలతలే.

బంగాళాఖాతంలో ఈ కొలత ఇంకా కష్టం. గోదావరి, కృష్ణ, మహానది, గంగ తెచ్చే మంచినీళ్ళు వానాకాలంలో పైన పొరలా పరుచుకుంటాయి. ఉప్పదనం, పీహెచ్ ఋతువుకో రకంగా ఉంటాయి. దానికి తోడు వాయవ్య బంగాళాఖాతంలో పీహెచ్ తగ్గడానికి గాలి కాలుష్యం నుంచి రాలే సల్ఫేట్లు, నైట్రేట్లు కూడా కారణమని విశాఖలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం శాస్త్రవేత్తలు చూపించారు. ఇన్ని కదిలే అంకెల మధ్య "మా మందు వల్ల ఇంత" అని ఎవరైనా చెప్పాలంటే ముందు ఏళ్ళ తరబడి రికార్డు కావాలి. హాలిఫాక్స్‌కి ఉన్నది అదే.

ఆ రికార్డు పరిశోధన నౌకలతో మాత్రమే తయారుకాదు, రోజూ సముద్రం మీదికి వెళ్ళేది బోట్లు. మెయిన్ సింధుశాఖలో 2001 నుంచి లాబ్‌స్టర్ పట్టేవాళ్ళు తమ బోనులకి ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్లు కట్టి సముద్రపు అడుగు వివరాలు శాస్త్రవేత్తలకి ఇస్తున్నారు. మన దగ్గర సంబంధం ఇప్పటిదాకా ఎక్కువగా ఒకవైపే నడిచింది. హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చేపలు దొరికే చోట్ల సూచనలు తెలుగులో పంపుతుంది, బోట్లవాళ్ళు వాడుకుంటారు. మరోవైపు కొలతలు తీయడానికి సముద్రంలో తేలేలా నిలిపిన డేటా బోయాలు దెబ్బతింటున్నాయని సంస్థలు ఏళ్ళుగా చెబుతున్నాయి. బోయా కింద చేపలు చేరతాయి, బోట్లు దానికి కట్టేస్తాయి, పరికరాలు విరుగుతాయి. అది ఎవరి కోసం కొలుస్తోందో బోటువాడికి ఎవరూ సరిగ్గా చెప్పలేదు, ఆ కొలతలో అతనికి వాటా లేదు. అవగాహన పోస్టర్లు వేసినంత మాత్రాన ఇది మారుతుందని నేననుకోను.

విశాఖలో ఆ ప్రాంతీయ కేంద్రం ఉన్నది లాసన్స్ బే కాలనీలో, పెదజాలరిపేటకి నడిచి వెళ్ళేంత దూరంలో. ఏటా జూన్ 14తో వేట నిషేధం ముగుస్తుంది, మరుసటి రోజు నుంచి బోట్లు కదులుతాయి. ఏ కంపెనీ రాకముందే, ఏ క్రెడిట్టూ అమ్మకముందే, కొన్ని బోట్లకి ఉప్పదనం, ఉష్ణోగ్రత, పీహెచ్ కొలిచే సెన్సర్లు బిగించి, ఆ పనికి బోటు మనుషులకి జీతం ఇచ్చి, ఆ అంకెలు హార్బర్ బోర్డు మీద తెలుగులో రాయొచ్చు. ఇందుకు అంతర్జాతీయ ఒప్పందం అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు. పదేళ్ళ తర్వాత ఎవరైనా క్షారం డ్రమ్ములతో వస్తే, ఆ రికార్డు పుస్తకం చేతిలో పెట్టుకుని వాళ్ళతో మాట్లాడే మనుషులు జాలరిపేటలో ఉంటారు.